చిరుతకు బెల్లు కొట్టడం ఎలా?

ఆళ్లగడ్డలో సైకిలు గురించి మాట్లాడేటప్పుడు కాస్త ముందూవెనకా చూసుకోవాలి. మిగతా దేశంలో సైకిలంటే రెండు చక్రాలు, ఒక బెల్లు. ఇక్కడ అదొక పార్టీ. "రాత్రిపూట అడవిలోకి సైకిలును రానివ్వాలా వద్దా?" అని బజార్లో అడిగితే సగం ఊరు రానివ్వాలంటుంది, మిగతా సగం ఫ్యాను కింద కూర్చుని వద్దంటుంది. గాజు గ్లాసులో టీ తాగేవాళ్ళు పొత్తు ధర్మం గుర్తు తెచ్చుకుని తలూపుతారు. అడవి గురించి, రాత్రి గురించి ఒక్కరూ మాట్లాడరు. కాబట్టి ముందే మనవి చేసుకుంటున్నాను: ఈ కాలమ్‌లో సైకిలంటే సైకిలే. తొక్కేది.

అదీ మనం ఎరిగిన సైకిలు కాదు. దీనికి స్టాండు ఉండదు, క్యారియరు ఉండదు, మడ్‌గార్డు ఉండదు, చైనుకు కవరు ఉండదు. ఇన్ని లేకపోవడానికే ఆ ధర. కొంచెం మంచిది కొనాలంటే మోటారు సైకిలు డబ్బు పెట్టాలి. మౌంటెన్ బైక్ అంటారు. పేరులోనే కొండ ఉంది కనుక కొండెక్కాలి. నంద్యాలలో మేడెక్కి తూర్పుకు తిరిగితే నల్లమల. ఇంకేం కావాలి?

ఈ బండి కొన్నవాళ్ళకు రెండు కష్టాలు. పగలు ఆఫీసు, పగలే ఎండ. మార్చి దాటితే నంద్యాల ఎండకు కాకి కూడా ఆరు బయట కూర్చోదు. అందుకని వ్యాయామమైనా సాహసమైనా చీకటి పడ్డాకే. నెత్తికొక దీపం, హ్యాండిలుకొక దీపం, సీటు కింద ఎర్రగా మిణుకుమనే మరో దీపం. వెయ్యి ల్యూమెన్లని ఒకరు, రెండు వేలని ఇంకొకరు చెబుతారు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టే గడియారం ఉండనే ఉంది. ఇంత సరంజామా తగిలించుకుని సంజీవనగర్ గేటు దగ్గర ఆటోల మధ్య తొక్కితే ఏం మర్యాద? అందుకని అడవి బాటల మీద రాత్రి రైడింగుకు అనుమతి కావాలట.

"అడవి ఎవురిదన్నా? గవర్నమెంటుది. గవర్నమెంటు ఎవురిది? మంది. మన అడవిలోకి మనం పోనీకి ఎవురి పర్మిషన్ ఏందన్నా?" అని ఒక తమ్ముడు నన్ను నిలదీశాడు. వాదనలో లోపం కనపడలేదు. ఆ లెక్కన ట్రెజరీ కూడా మనదే. రాత్రిపూట తాళం తీసి ఒకసారి లోపల తిరిగొస్తామంటే ఒప్పుకుంటారేమో కనుక్కోవాలి.

అసలు మా ఊరికి కాదనడం ఎలా? నంద్యాల దేశానికి ఒక రాష్ట్రపతిని, ఒక ప్రధానమంత్రిని ఇచ్చింది. 1977లో రాష్ట్రమంతా కాంగ్రెసు గెలిస్తే జనతా పార్టీ తరఫున ఇక్కడ నీలం సంజీవరెడ్డిగారొక్కరే నెగ్గి, ఆ ఏడే రాష్ట్రపతి భవన్‌కు వెళ్ళారు. 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావుగారికి ఐదున్నర లక్షలకు పైచిలుకు మెజారిటీ ఇచ్చి ఆయన కుర్చీకి మేకులు దిగ్గొట్టింది మేమే. అంతంత ఇచ్చినవాళ్ళం ఇన్నాళ్ళకు నోరు తెరిచి ఒక్క కోరిక కోరితే, అదీ రాత్రి పదింటికి చిరుతపులి ముందునుంచి సైకిలు తొక్కనివ్వండని కోరితే, మొహమాటానికైనా సరేననాలి కదా.

రాత్రి సైకిలు ఈ సీమకు కొత్తా కాదు. సెకండ్ షో వదిలాక పల్లెలకు తిరిగి వెళ్ళినవాళ్ళంతా రాత్రి రైడర్లే. గంటకింతని అద్దె సైకిలు. టైరుకు ఒరుసుకుంటూ కుయ్యోమనే డైనమో. తొక్కుతుంటే వెలుగు, కాలు ఆపితే చీకటి. లైటు లేకుండా డబుల్స్ దొరికితే కానిస్టేబులు టైర్లలో గాలి తీసి, నడిపించుకుంటూ పొమ్మనేవాడు. అప్పట్లో చట్టం సైకిలును ఆపి "దీపమేదిరా?" అని అడిగేది. ఇప్పుడు సైకిలు చట్టాన్ని ఆపి "దీపముంది, అడవేది?" అని అడుగుతోంది.

ఈ బండి పుట్టిల్లు కాలిఫోర్నియా, మారిన్ కౌంటీ కొండలు. 1976లో అక్కడ కొందరు కుర్రాళ్ళు పాత లావుటైర్ల సైకిళ్ళను కొండమీదికి చేర్చి, కిందికి పందెం వేసుకున్నారు. ఒక్క దిగుడుకే వెనక బ్రేకులోని గ్రీజు కాలి పొగయ్యేది. ఇంటికెళ్ళి మళ్ళీ గ్రీజు దట్టించాలి. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. తమాషా ఏమిటంటే, పుట్టింటికి ఇంత పేరు తెచ్చిన సైకిలును ఆ కౌంటీలోనే ఇవాళ్టికీ చాలా సన్నబాటల మీదికి రానివ్వరు. నడిచేవాళ్ళూ గుర్రాలవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ దశాబ్దాలుగా కొట్లాడుకుంటున్నారు. అయితే అక్కడొక సుఖముంది. కొట్లాడుకునేవాళ్ళందరూ మనుషులే, మీటింగుకు వస్తారు, మైకు లాక్కుంటారు. మన దగ్గర రెండో పక్షం మీటింగుకు రాదు. వస్తే మనం ఉండం.

ఎందుకంటే నల్లమల పార్కు కాదు. ఇక్కడ సిమెంటు బెంచీల మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అని రాసి ఉండదు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణం 3,500 చదరపు కిలోమీటర్ల పైమాటే. 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్‌లో ఉంది. నంద్యాల, గిద్దలూరు మధ్య కొండల్లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం దీనికి తోడు. శ్రీశైలం వెళ్ళే దారిలో దోర్నాల దగ్గర రాత్రి 9 గంటలకు గేటు పడితే ఉదయం 6 గంటలకు గానీ లేవదు. తెలంగాణ వైపు మన్ననూరు దగ్గరా అదే లెక్క. కారులో ముసలమ్మ ఉన్నా, పొద్దున్నే అభిషేకం టికెట్టు ఉన్నా, "ఆర్టీసీ బస్సు పోతుంటే చూశా" అని వాదించినా గేటు గేటే. మల్లన్న కోసం లేవని ఆ కర్ర స్ట్రావా యాప్‌లో రికార్డు కోసం లేవాలట!

ఇది చాలదన్నట్టు 2025 నవంబరు 17న సుప్రీంకోర్టు, జిమ్ కార్బెట్ పార్కులో జరిగిన చెట్ల నరికివేత వ్యవహారంలో తీర్పు ఇస్తూ, పులుల అభయారణ్యాల్లో రాత్రి పర్యాటకం మొత్తానికే వద్దంది. కోర్ ఏరియా గుండా రోడ్లు పోయే చోట సంజె చీకటి నుంచి తెల్లవారేదాకా అంబులెన్సులు, అత్యవసర వాహనాలు తప్ప మరేవీ తిరగరాదంది. ఇంత వివరంగా చెప్పాక మామూలు మనిషి అయితే ఇంటికి పోయి పడుకుంటాడు.

మనవాళ్ళు మామూలు మనుషులు కారు. తీర్పు కాగితం ముందేసుకుని సందులు వెతికారు. సైకిలుకు మోటారు లేదు కనుక అది వాహనం కాదు. టికెట్టు కొనం కనుక మేం పర్యాటకులం కాం. కోర్‌లోకి పోం, బఫర్ గీత మీదే తొక్కుతాం కనుక లోపలా కాదు, బయటా కాదు. పొద్దు గూకాక, చీకటి ముదరకముందే బయల్దేరుతాం కనుక పగలూ కాదు, రాత్రీ కాదు.

ఈ అర్జీ ఎక్కడో విన్నట్టు లేదూ? దీన్ని మొదట పెట్టుకున్నవాడు మన జిల్లావాడే. హిరణ్యకశిపుడు. పగలు కాదు రాత్రి కాదు, ఇంట్లో కాదు బయట కాదు, మనిషి వల్ల కాదు మృగం వల్ల కాదు. ఎంత పకడ్బందీగా రాయించుకున్నాడో చూడండి, కర్నూలు కోర్టులో నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేసిన ప్లీడరు కూడా అన్ని సందులు మూయలేడు. మూశాననుకున్న సందుల్లోంచే సంజెవేళ, గడప మీద, సగం సింహం వచ్చింది. ఎగువ అహోబిలం పైన ఉగ్రస్తంభం చూశారుగా. డ్రాఫ్టింగు లోపానికి అంత ఎత్తున స్మారకం ప్రపంచంలో మరెక్కడా లేదు. సుప్రీంకోర్టువాళ్ళకు ఈ స్థలపురాణం తెలుసో తెలీదో గానీ, నిషేధం సంజె నుంచే మొదలుపెట్టారు. మంచి పని చేశారు. మనవాళ్ళకు ఆ ఒక్క గడియ వదిలినా చాలు, అందులో ఒక చాంపియన్‌షిప్ నడిపేస్తారు.

ఆ అడవికి అసలు యజమానిని చూడండి. సంక్రాంతి వెళ్ళగానే అహోబిలం స్వామి పారువేటకు బయల్దేరి నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్ళు తిరుగుతాడు. చెంచుల ఇంటి అల్లుడు, సగం సింహం, వేటంటే ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆయన కూడా పల్లకీ ఎక్కి కొండ దిగి మన ఊళ్ళలోకి వస్తాడు. నలుగురు మోస్తే కదులుతాడు, ఆగిన ప్రతి ఊళ్ళో హారతి తీసుకుంటాడు. మనమేమో ఊరు వదిలి, గేర్లు మార్చుకుంటూ, ఆయన ఇంటికి వేళకాని వేళలో పోతామంటున్నాం.

ఇక ఆ ఇంట్లో రాత్రి డ్యూటీ ఎవరెవరిదో చెప్పాలి. పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, దుమ్ములగొండి, ముళ్ళపంది, పునుగుపిల్లి, దేవాంగపిల్లి, కొండచిలువ, రక్తపింజర. ఇవన్నీ పుట్టుకతోనే రాత్రి షిఫ్టువి అనుకుంటాం. అన్నీ కావు. 2018లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆరు ఖండాల్లో 62 రకాల క్షీరదాల మీద జరిగిన పరిశోధనల్ని కలిపి లెక్కగట్టారు. మనిషి అలికిడి ఉన్న చోట జంతువులు రాత్రిపూట తిరగడం సుమారు 1.36 రెట్లు పెరిగిందని తేలింది. మనం తుపాకీతో పోయామా, వాకింగు బూట్లతో పోయామా అన్నది వాటికి పెద్దగా తేడా లేదట. మనిషి వస్తే చాలు, పగటిని వదిలేసి చీకట్లోకి జరుగుతున్నాయి. అంటే ఆ చీకటి వాటికి మనం మిగిల్చిన వాటా. పగలంతా తీసుకున్నాం, రోడ్లు తీసుకున్నాం, వాగులు తీసుకున్నాం. ఇప్పుడు రెండు వేల ల్యూమెన్ల దీపం పట్టుకుని, "కొంచెం సర్దుకోండి" అని రాత్రిలోకి కూడా జొరబడదామంటున్నాం. రైలు జనరల్ బోగీలో మూడో మనిషి సీటులో నాలుగో మనిషిగా కూర్చుని, పది నిమిషాలకు కిటికీ పక్కకు చేరే రకం మనం.

సైకిలు మంచిది, చప్పుడు చేయదు, పొగ వదలదు అని మీరనొచ్చు. నిజం. ప్రమాదమంతా ఆ చప్పుడు చేయకపోవడంలోనే ఉంది. 2016 జూన్‌లో అమెరికాలోని మోంటానాలో, గ్లేసియర్ నేషనల్ పార్కు దగ్గర, ఒక మనిషి సన్నబాట మీద గంటకు ముప్పై కిలోమీటర్ల పైన సైకిలు తొక్కుతూ మలుపు తిరిగి గ్రిజ్లీ ఎలుగును ఢీకొట్టాడు. ఇద్దరికీ తేరుకునే వ్యవధి లేదు. అతను చనిపోయాడు. జరిగింది పట్టపగలు. ఎదురుగా వచ్చేది దూరంనుంచి కనపడే వేళలో. మన నల్లమల ఎలుగుబంటి సైజులో చిన్నదేగానీ కోపంలో కాదు, నిద్రపోతున్న ఎలుగు మీద కాలేసిన కట్టెలవాళ్ళను అడగండి. మరి బెల్లు కొడితే? కొట్టొచ్చు. దానికి వినబడుతుంది కూడా. కానీ ట్రింగ్ అంటే పక్కకు తప్పుకోమని అర్థమని దానికెవరు చెప్పారు? మన ఆటోలకే ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఇక్కడ నవ్వులాట కాసేపు పక్కన పెడదాం. నంద్యాల నుంచి గిద్దలూరు దారిలో పచ్చర్ల ఉంది. 2024 జూన్‌లో ఆ ఊరి మహిళ ఒకామె కట్టెల కోసం అడవి అంచుకు వెళ్ళి చిరుత బారిన పడి ప్రాణం పోగొట్టుకుంది. ఆమె సరదాకు వెళ్ళలేదు. స్ట్రావాలో పెట్టుకోవడానికి వెళ్ళలేదు. పొయ్యి వెలగాలి కనుక వెళ్ళింది. అదే నెలలో మహానందిలో గోశాల చుట్టూ చిరుత తిరుగుతోందని భక్తులు గుంపులుగా తప్ప కదల్లేదు. అంతకుముందు ఏడాది మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు దొరికాయి. తల్లిని వెతికి వాటిని కలపాలని అటవీ సిబ్బంది రాత్రింబవళ్ళు తంటాలు పడ్డారు. కలపలేక చివరికి తిరుపతి జూకు పంపారు. ఆ అడవి పక్కనే పుట్టి పెరిగిన చెంచులు పొద్దు వాలేసరికి గూడెం చేరుకోవాలనుకుంటారు. అడవి తెలిసినవాడు ఇంటికి వస్తున్న వేళకు అడవి తెలియనివాడు హెల్మెట్ పెట్టుకుని బయల్దేరుతున్నాడు.

అనుమతంటూ ఇస్తే మన ప్రభుత్వాలు భద్రత చూడవా అంటారేమో. చూస్తాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపిల్లను పొట్టన పెట్టుకున్నాక తిరుమలలో ఏం చేశారో గుర్తుందా? పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి వదిలేది లేదన్నారు, ఘాట్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు వేళలు పెట్టారు, అవి బాగానే ఉన్నాయి. నడిచే భక్తులకు తలా ఒక చేతికర్ర కూడా ఇచ్చారు. చిరుతకు కర్ర చూపిస్తే భయపడుతుందన్న నమ్మకం ఉన్న ప్రభుత్వం సైకిలువాళ్ళకు ఏమిస్తుందో నేను ఊహించగలను. పంపు. గాలి కొట్టుకోవడానికీ పనికొస్తుంది, పులిని కొట్టడానికీ పనికొస్తుంది.

అనుమతి వచ్చాక జరిగేది కూడా చెబుతాను. మొదటి వారం సైకిళ్ళు. క్రమశిక్షణగా, వరసగా, నిజంగానే ముచ్చటగా ఉంటుంది. రెండో వారం వాటి వెనక భద్రత కోసం ఒక జీపు. మూడో వారం ఆ జీపులో ఒక నాయకుడి బావమరిది, "ఊరికే చూడ్డానికి." నాలుగో వారం బావమరిది స్నేహితులకు ఇంకో రెండు జీపులు. ఐదో వారం ఆయన పుట్టినరోజు, చెలిమ రేంజిలో కేకు, బిర్యానీ ప్యాకెట్లు, డ్రోను కెమెరా. ఆరో వారానికి సైకిళ్ళు కనపడవు, జీపులు మిగులుతాయి. ఇది సైకిలు తొక్కేవాళ్ళ తప్పు కాదు. అడవికి పోయేవాళ్ళలో వాళ్ళంత మర్యాదస్తులు లేరని నేను ఎక్కడైనా చెబుతాను. వాళ్ళు సీసాలు పగలగొట్టరు, పాటలు పెట్టరు, నీళ్ళ సీసా కూడా వెనక్కి తెచ్చుకుంటారు. కానీ ఈ దేశంలో ఒకరికి ఇచ్చిన మినహాయింపు ఆ ఒక్కరి దగ్గర ఆగిన దాఖలా లేదు. ముందు మంచివాళ్ళు అడుగుతారు. వాళ్ళు తెరిపించిన తలుపులోంచి మిగతావాళ్ళు పోతారు.

పగటిపూట దారులు లేవా అంటే ఉన్నాయి. పావన నరసింహస్వామి దగ్గరికి జీపులు పోయే రాళ్ళదారి ఉంది. దాని మీద ఒకసారి పోయొస్తే ఒంట్లో ఎన్ని ఎముకలున్నాయో ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు. అటవీ శాఖ ఒప్పుకున్న చోట, ఒప్పుకున్న వేళ, గైడును వెంటబెట్టుకుని పగలు తొక్కుకోండి. నల్లమల జంగిల్ క్యాంపులకు పోయేవాళ్ళు అలాగే పోతున్నారు. దానికెవరూ అడ్డం చెప్పరు.

మరి రాత్రి తొక్కాలన్న సరదా? అదేమీ నేరం కాదు. హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు తెరిచారు. పైన సౌరఫలకాల కప్పు, పగలు నీడ, రాత్రి దీపాలు. అక్కడివాళ్ళు రాత్రి పదకొండింటికి కూడా తొక్కుతారు. ఎలుగుబంటి రాదు, మహా అయితే ఎదురుదిక్కున సెల్ఫీ తీసుకునేవాడు వస్తాడు. అది నల్లమలలో కట్టలేదు, ఊరి అంచున కట్టారు. నంద్యాలకు అంత వద్దు, అందులో పదోవంతు చాలు.

ఇక్కడ నాకు ఒక సంగతి మింగుడు పడదు. మన దగ్గర రాత్రి రైడర్లు ఇప్పటికే ఉన్నారు. కర్నూలు-కడప జాతీయ రహదారి మీద, నంద్యాల దాటి ఆళ్లగడ్డ దాకా, తెల్లవారుజామున నాలుగు గంటలకు చూడండి. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలు, మార్కెట్టుకు కూరగాయల మూటతో ఒక సైకిలు, మిల్లులో రాత్రి పని దిగి ఇంటికి పోయే వాచ్‌మన్ సైకిలు. ముందు దీపం లేదు, వెనక ఎర్రబిళ్ళ లేదు, నెత్తిన హెల్మెట్ లేదు. పక్కనుంచి లారీ పోతే గాలికే ఊగిపోతారు. వీళ్ళ రైడుకు అనుమతి కావాలని ఎవరూ అర్జీ పెట్టలేదు. వీళ్ళకు చిరుత గొడవ లేదు, ఇసుక టిప్పరుతోనే గొడవ. చిరుత అయినా అప్పుడప్పుడు వదిలేస్తుంది.

కాబట్టి తమ్ముళ్ళారా, అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతాను. అటవీ శాఖకు కాదు, మున్సిపాలిటీకీ జాతీయ రహదారులవాళ్ళకూ రాయండి. చెరువు కట్ట మీద దీపాలు వెలగాలని, రోడ్డు అంచున సైకిలుకు బారెడు దారి వదలాలని, పాలవాళ్ళ సైకిళ్ళకు వెనక రిఫ్లెక్టర్లు అతికించాలని అడగండి. మీ రెండు వేల ల్యూమెన్ల దీపాల్లో పాతబడినవి ఉంటే వాళ్ళకు ఇచ్చేయండి. నల్లమల గేటు మాత్రం సంజెకే పడాలి. సైకిలుకూ, జీపుకూ, బావమరిది కారుకూ.